పెరుగన్నం తిని బయల్దేరిన రోజు

నా కుడిచెయ్యి నా మాట వినడం మానేశాకే నేను పడవ ఎక్కాను. ఈ సంగతి చెబితే హాంబర్గ్‌లో మనవాళ్ళు నమ్మరు. పార్కిన్సన్స్ అంటే ముసలివాళ్ళు కుర్చీలో కూర్చుని వణకడమే అనుకుంటారు. నాకు నలభై నిండకుండానే వచ్చింది. ఆఫీసులో మౌస్ కదపడం చేతకాక, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి పడిగాపులు పడి, చివరికి ఆ పేరు విన్నాను. ఒళ్ళు బిగుసుకుపోకుండా ఏదో ఒక ఆట పట్టుకోమని ఫిజియో అంటే, ఇంటికి దగ్గర కదా అని పడవల క్లబ్బుకి వెళ్ళాను. కాలక్షేపానికి వెళ్ళినదాన్ని కొన్నేళ్ళకి పారా రోయింగ్‌లో, అంటే వికలాంగుల పడవ పోటీల్లో, జర్మనీ జట్టు గుమ్మం దాకా వచ్చాను. అప్పటికే ఇక్కడి పాస్‌పోర్టు తీసుకున్నాను కాబట్టి అడ్డేమీ లేకపోయింది.

మాది ఇద్దరి పడవ. ఒక ఆడ, ఒక మగ, తలా రెండు తెడ్లు. నా జోడీ యాభైకి దగ్గర్లో ఉన్న జర్మన్ మనిషి. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఒక బీమా ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఈ పడవల్లో వీపు ముందుకి పెట్టి వెళ్ళాలి కాబట్టి, ఆయన వెనక కూర్చున్న నేను అస్తమానం మెడ తిప్పి దారి చూసి చెప్పాలి. ఆయన లయ పెడతాడు, నేను ఆయన వీపు చూస్తూ ఆ లయ అందుకుంటాను. కళ్ళు లేని మనిషికి నా చెయ్యి సంగతి నాకన్నా ముందే తెలిసిపోయేది. పడవ అడుగున చిన్న కుదుపు తగిలితే చాలు, "నీ కుడిచెయ్యి వెనకపడుతోంది, మాత్ర వేసుకున్నావా?" అనేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

కరోనా వచ్చిన వసంతంలో, ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు ఒక పడవ ఎక్కకూడదన్నారు. ఒక్కరే నడిపే పడవకి మాత్రం అనుమతి ఉంది. కళ్ళున్న నేను వెళ్ళాను. ఆయన ఎలా వెళ్తాడు? ఇంట్లో సోఫా పక్కన రోయింగ్ మెషీన్ వేసుకుని గోడకి ఎదురుగా లాగుతూ కూర్చున్నాడు. ఆ వసంతంలో ఊరి మధ్య ఆల్‌స్టర్ సరస్సు మీద పర్యాటకుల పడవల్లేవు, అలల్లేవు. నేను, హంసలు, అంతే. ఊళ్ళో జనం ఊపిరాడక ఆసుపత్రుల్లో పడి ఉంటే నేను అంత అందమైన నీళ్ళ మీద రోజురోజుకీ బలపడుతున్నాను. సాయంత్రం ఫోన్ చేస్తే ఆయన ముందు అడిగేది ఒకటే, "నీళ్ళు ఎలా ఉన్నాయి?" నాకు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"పాడు గాలి. సరిగ్గా లాగలేకపోయాను."

"నా కిటికీ పొద్దుటి నుంచీ తెరిచే ఉంది. ఆకు కూడా కదల్లేదు," అని నవ్వేవాడు.

ఆ నవ్వు విన్న ప్రతిసారీ, ఆయన వాటా నీళ్ళు నేను తాగేస్తున్నట్టు సిగ్గేసేది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేదాన్ని.

ఇంట్లో నాతో, మా ఆయనతో పాటు మా అత్తయ్య ఉండేవారు. మమ్మల్ని చూసిపోదామని విజయవాడ నుంచి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో చిక్కుకుపోయారు. ఆవిడకి ఈ దేశంలో నచ్చింది ఒక్కటే, పాలు. చలికి తోడుకోదని పాలగిన్నెకి దుప్పటి చుట్టి హీటర్ పక్కన పెట్టేవారు. తెల్లారేసరికి చాకుతో కోసేంత గట్టి పెరుగు. నేనేమో పగటిపూట దాన్ని ముట్టను. నేను వేసుకునే మాత్ర ఒంటికి పట్టాలంటే ఆ దరిదాపుల్లో పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి తినకూడదు. అవి కడుపులో ఉంటే మందు దారిలోనే ఆగిపోతుంది. ఇదంతా ఆవిడకి వివరించే ఓపిక లేక, "డాక్టరు రాత్రిపూటే తినమన్నారు అత్తయ్యా" అని ఊరుకున్నాను. జలుబు చేస్తుందని కాబోలు అని ఆవిడే ఒక అర్థం చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

వేసవిలో ఇద్దరి పడవలకి అనుమతి వచ్చింది. నేను ముందుకెళ్ళిపోయాను, నా జోడీ వెనకపడ్డాడు. సెప్టెంబరులో జట్టు ఎంపిక పోటీ పెట్టారు. వచ్చే ఏడాది నుంచి మగవాళ్ళలో కుర్రవాళ్ళనే చూస్తామని శిక్షకుడు ఆయనకి ముఖం మీదే చెప్పాడు. అంటే ఆయనకి అదే ఆఖరి అవకాశం. వసంతంలో పోగొట్టుకున్నది రాబట్టుకోవాలని ఆయన ఆ వేసవంతా చేతులు బొబ్బలెక్కేలా లాగాడు. పోటీ నాటికి మేమిద్దరం మళ్ళీ సమానం అయ్యాం.

పోటీ రోజు పొద్దున్నే విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. అత్తయ్య తమ్ముడు కరోనాతో పోయారు. చూడటానికి ఎవరినీ రానివ్వలేదట, ఆసుపత్రి వాళ్ళే తీసుకెళ్ళిపోయారట. అత్తయ్య ఏడవలేదు. వంటింట్లో కుర్చీ మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు. నేను బ్యాగు నేల మీద పెట్టేశాను.

"వెళ్ళనులెండి అత్తయ్యా."

"అదేం మాటమ్మాయ్? అక్కడ ఒకాయన నీకోసం కాచుక్కూచుంటే. వెళ్ళు."

మా ఆయన కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య లేచి ఒక గిన్నెలో అన్నం, పెరుగు కలిపారు.

"చావు కబురు విన్న ఇంట్లోంచి ఖాళీ కడుపుతో బయల్దేరకూడదు. రెండు ముద్దలు పెరుగన్నం తిని వెళ్ళు. ఇవాళ ఎండగానే ఉంది, జలుబేం చెయ్యదులే."

ముద్ద నా చేతిలో పెట్టారు. తెలియక తిన్నదైతే ఇంత బాధ ఉండేది కాదు. నాకు తెలుసు. వద్దని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి చేతి ముద్దని ఏ మొహం పెట్టుకుని వెనక్కి నెట్టను? రెండు ముద్దలకేం అవుతుందిలే అనుకున్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఆపలేదు, నేనూ ఆపమనలేదు. దారిలో కారులో మాత్ర మింగాను.

సగం దూరం వరకూ పడవ బాణంలా వెళ్ళింది. ఆ తర్వాత కుడి మణికట్టు బిగుసుకుంది. తెడ్డు నీళ్ళలోంచి తీశాక దాని చివరున్న పలక తిప్పాలి, అది తిరగడం లేదు. ఒక్కసారి అడ్డంగా నీళ్ళలో చిక్కుకుంటే పడవ అక్కడే ఆగిపోతుంది. "మాత్ర" అని ఆయన అరుస్తాడని ఎదురుచూశాను. అరవలేదు. నా కళ్ళముందు ఆ వీపు మెల్లగా నిదానించింది. ఎప్పుడూ బారుగా చాచే చేతులు కురచగా చాచాడు. నా చచ్చుబడ్డ చేతికి సరిపోయేలా తన ఆఖరి పోటీని తగ్గించుకుని, మునగకుండా ఒడ్డుకి చేర్చాడు. ఎంపిక కాలేదని గడియారం చూడకుండానే తెలిసింది.

గట్టు మీద కూర్చుని, "మాత్ర మర్చిపోయావా?" అని అడిగాడు. లేదన్నాను. పొద్దున వచ్చిన ఫోను, పెరుగన్నం, అన్నీ చెప్పేశాను. ఇప్పటికైనా తిడతాడని తల వంచుకున్నాను.

"ఆవిడ ఎలా ఉన్నారు?" అన్నాడు.

నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆ ప్రశ్నకి నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత ఆయన పోటీల నుంచి తప్పుకున్నాడు. నన్ను వదులుకోవద్దని శిక్షకుడితో చెప్పింది కూడా ఆయనే. నాకు కొత్త జోడీని ఇచ్చారు, చూపు తక్కువున్న ఒక విద్యార్థి. ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఒప్పుకున్నాను.

అత్తయ్యకి విమానం టికెట్టు దొరికాక, వెళ్ళేలోపు పరామర్శించి వెళ్తానని ఆయన మా ఇంటికి వచ్చాడు. కిటికీలన్నీ తెరిచి, దూరం దూరంగా కూర్చున్నాం. ఇంటికి వచ్చిన మనిషిని అత్తయ్య అన్నం పెట్టకుండా పంపుతారా? కూర, చారు అయ్యాక పెరుగన్నం కలిపి, ఆవకాయ ముక్క వేసి ఆయన కంచంలో పెట్టారు. ఆయన ఒక స్పూను నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఇదేనా?" అని జర్మన్‌లో అడిగాడు.

"ఇదే."

"ఏమంటున్నాడమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"బాగుందంటున్నాడు అత్తయ్యా."

ఆవిడ మొహం విప్పారింది. తమ్ముడు పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. ఆ ఊపులో, "ఈ దేశంవాళ్ళే తింటున్నారు, నీకేమైంది?" అంటూ నా కంచం వైపు గరిటె చాచారు. గరిటె కంచానికి తగిలిన చప్పుడుకి ఆయన తల ఇటు తిప్పాడు.

"ఇవాళ సాధన ఉందా?"

"ఐదింటికి."

"మాత్ర?"

"ఇంకాసేపట్లో."

ఆవకాయ కారానికి ఆయన ముక్కు, కళ్ళు కారుతున్నాయి. అయినా కంచం ఎత్తి అత్తయ్య గొంతు వినబడిన వైపు చాచాడు. "దాన్ని నాకు పెట్టమను" అన్నాడు.

చెప్పాను. అత్తయ్య మురిసిపోతూ నా కంచంలోకి రావాల్సింది ఆయనకి వడ్డించారు. ఆయన మెల్లగా, మెతుకు వదలకుండా తినడం మొదలుపెట్టాడు. నేను కంచం తీసి, చెయ్యి కడుక్కున్నాను. సాయంత్రం నాకు పడవ ఉంది.