పలికింది ఎవరి నోరు

గుండెలో వాల్వు ఒకటి పాడైందనీ, వానలు మొదలయ్యేలోగా ఈ దీవుల నుంచి సముద్రం దాటించి మెయిన్‌లాండ్‌కు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలనీ డాక్టరు చెప్పినప్పుడు అమ్మ పెద్దగా బెదరలేదు. ఇంటికొచ్చి, ప్రయాణానికని చీరలు తీసి మడతపెట్టుకుంది కూడా. తరవాతి ఆదివారం నాకు చెప్పకుండా వండూర్ వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి ఆ చీరలన్నీ మళ్ళీ దండెం మీద వేసింది.

"నీళ్ళు దాటొద్దంది," అంది.

ఎవరన్నారని నేను అడగలేదు. అడగక్కర్లేదు.

వండూర్ రోడ్డు మీద, జెట్టీకి ఇవతల, ఒక రేకుల ఇంట్లో ఒకావిడ ఉంది. ఆదివారాలు ఆమెకు అమ్మవారు పూనుతుందనీ, అడిగినవాటికి జవాబు చెబుతుందనీ జనం నమ్ముతారు. మన తెలుగువాళ్ళే కాదు, బెంగాలీలు, రాంచీవాళ్ళు, తమిళులు కూడా వచ్చి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్ళకు ఆమె మాతాజీ. నాకు మాత్రం, ఒకప్పుడు మా పెరట్లో చేపలు ఉప్పుపెట్టి ఎండబెట్టిన మనిషి కూతురు. జెట్టీ దగ్గర ఒక టూరిస్టు బోట్ల కంపెనీలో నేను టికెట్లు రాస్తాను. రోజూ బస్సులో ఆ ఇంటి ముందునుంచే వెళతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అటు తల తిప్పలేదు.

దానికి కారణం చెప్పాలి. డిగ్నాబాద్‌లో మాకు పెద్ద ఇల్లూ, సముద్రం మీద బోట్లూ ఉన్న రోజుల్లో అమ్మవారు పలికింది మా నాయనమ్మ నోట. ఆమె వద్దన్న రోజున మా బోట్లే కాదు, శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చినవాళ్ళెవరి బోటూ కదిలేది కాదు. బోట్లకంటే ఆ మాటే మాకు పెద్ద ఆస్తి. తరవాత నాయనమ్మ పోయింది, బోట్లు పోయాయి, ఇల్లు పోయింది. ఎలా పోయాయో ఇక్కడ అవసరం లేదు. ఇప్పుడు షాదీపూర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో అమ్మా నేనూ ఉంటున్నాం. ఇస్త్రీ లేని చొక్కాతో మాత్రం నేను ఇప్పటికీ గడప దాటను.

ఆ ఉప్పుచేపల మనిషి కూతురికి అమ్మవారు పూనుతోందని మొదట విన్నప్పుడు నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. మోసమని కొట్టిపారేస్తే, ఆమె చేసేదానికీ మా నాయనమ్మ చేసినదానికీ తేడా ఏమిటని అడుగుతారు. నిజమని ఒప్పుకుంటే, అమ్మవారు మా ఇల్లు వదిలి ఆ రేకుల ఇంటికి నడిచి వెళ్ళిందని ఒప్పుకోవాలి. ఏది నిజమైనా మా ఇంటికి తలవంపే. అందుకే తల తిప్పకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను.

అమ్మ నమ్మడానికి ఒక్క పిలుపు సరిపోయింది. నాయనమ్మ అమ్మను ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. "పొరుగూరి గుంటా" అనేది. గుంట అంటే మా వైపు పిల్ల. ఆమె పోయాక ఆ పిలుపు ఎవరి నోటా రాలేదు. అమ్మవారు పూనినప్పుడు పోయినవాళ్ళు కూడా వచ్చి మాట్లాడతారని మనవాళ్ళ నమ్మకం. ఆ ఆదివారం ఆ రేకుల ఇంట్లో, కళ్ళు మూసుకుని ఊగుతున్న ఆమె, "ఒలే పొరుగూరి గుంటా, నీళ్ళు దాటకే," అందట.

చిన్నప్పుడు మా పెరట్లోనే తిరిగిన మనిషి, ఆ పిలుపు ఎన్నిసార్లో విని ఉంటుందని చెప్పాను.

"పిలుపంటే విని ఉంటుంది. మరి గొంతో?" అంది అమ్మ.

షిప్పు వద్దు, విమానంలో వెళదాం, నీళ్ళు తగలకుండా వెళ్ళొచ్చు అన్నాను.

"పైనుంచి దాటినా దాటడమే."

డాక్టరు నాతో విడిగా చెప్పిన మాట ఒకటి ఉంది. ఆపరేషన్ చేయించకపోతే ఈ ఏడు గడవడం కష్టమన్నాడు. ఆ మాట అమ్మకు చెప్పలేకపోయాను. వెళ్ళాలని మాత్రం చెప్పాను. చాలాసార్లు చెప్పాను, ఒక్కోసారి గట్టిగానే.

మా ఇంటి మెట్లెక్కుతూ అమ్మ మధ్యలో ఆగి గోడ పట్టుకోవడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం పనిలోంచి సెలవు అడిగి ఆ రేకుల ఇంటికి నడిచి వెళ్ళాను.

ఆమె గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని, కుర్చీ తుడిచి వేసింది. నేను కుర్చీలో కూర్చోలేదు. అడగవచ్చినవాడు కింద కూర్చోవాలన్నది మా నాయనమ్మ పెట్టిన పద్ధతే. లోపలికి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ఆమెను ఏమని పిలవాలో తెలియలేదు. నువ్వు అనడానికి నోరు రాలేదు, మీరు అనే అలవాటు లేదు. చివరికి అమ్మా అన్నాను.

ఆదివారం మా అమ్మను తీసుకొస్తాననీ, దాటమని చెప్పమనీ అడిగాను. డాక్టరు మాట కూడా చెప్పాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మగారి చేతి అన్నం తిన్నదాన్నంది. అయినా తల అడ్డంగా ఊపింది.

"అప్పుడు నా నోరు నాది కాదు బాబూ. ఏటి సెప్పానో నాకే తెల్దు. పక్కనోళ్ళు సెప్తే ఇంటాను."

"ఒక్కసారికి అది సొంత నోరే అనుకుంటే?"

"అలగనుకుంటే ముసలమ్మగారిది కూడా ఆవిడ సొంత నోరే అయిపోద్ది. మీరు ఒప్పుకుంటారా?"

ఆమె కొంతసేపు చీర కొంగు నలుపుతూ కూర్చుంది.

"అమ్మగార్ని తెండి," అంది. "అడుగుదాం. ఏటి పలికితే అదే. మల్లీ వద్దంటే నన్నేటీ అనొద్దు. లేని మాట, జూట్ మాత్రం నాను సెప్పలేను."

మళ్ళీ వద్దంటే ఇక ఏ మాటా అమ్మను కదిలించదని నాకు తెలుసు. ఏనాడూ నమ్మనివాణ్ణి, అమ్మ ప్రాణాన్ని తీసుకెళ్ళి ఆ నోటి మీద పెడుతున్నాను. ఇంకో దారి కనిపించలేదు.

ఆదివారం పొద్దున అమ్మను ఆటోలో తీసుకెళ్ళాను. మాకంటే ముందు ఒక బెంగాలీ కుటుంబం కూతురి పెళ్ళి సంగతి అడిగింది. వాళ్ళకు హిందీలో జవాబు వచ్చింది. తరవాత అమ్మ ఆమెకు ఎదురుగా కూర్చుని, దాటమంటావా వద్దంటావా అని అడిగింది. పూనకంలో ఆమె చాలాసేపు ఊగింది. మెడ వెనక్కి వాలింది. చిన్నప్పుడు నాయనమ్మను అలా చూసినప్పుడు వేసిన భయమే నాకు మళ్ళీ వేసింది. నమ్మకం లేనివాడికి ఆ భయం ఎందుకో చెప్పలేను.

"జా," అంది పొడిగొంతుతో. "దేర్ మత్ కర్."

వెళ్ళమంది, ఆలస్యం చెయ్యొద్దంది. అంతే. పొరుగూరి గుంటా అన్న పిలుపు లేదు. అసలు తెలుగే లేదు.

అమ్మ ముఖంలో ఏమీ తెలియలేదు. తిరుగు ఆటో రోడ్డెక్కాక అంది:

"ఇంట్లో ఎవరైనా పానీ అంటే మీ నాయనమ్మ ఆ పూట మంచినీళ్ళు ఇచ్చేది కాదు. ఆవిడ హిందీలో పలుకుతుందా?"

సీటు ముందున్న కమ్మీ పట్టుకుని మళ్ళీ తనే అంది:

"నువ్వు దాన్ని వెళ్ళి అడిగావు."

అడిగాననీ, ఆమె ఒప్పుకోలేదనీ చెప్పాను.

"గుమ్మంలో నిలబడి అడిగావా?"

"లోపలికే వెళ్ళాను. కింద కూర్చున్నాను."

అమ్మ నా వైపు తిరిగి చూసింది. గాలి ఎక్కువైతే పరదా దించమంటారా భయ్యా అని ఆటో అబ్బాయి హిందీలో అడిగాడు. వద్దన్నాను.

"దాని ఇంట్లో నువ్వు కింద కూర్చున్నావంటే," అంది అమ్మ చివరికి, "నాకు జబ్బు బాగా ముదిరినట్టే."

డాక్టరు ఏమన్నాడో అప్పుడు అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదంది. వెళ్ళాలని చెబుతూనే ఉన్నానన్నాను.

"వెళ్ళాలన్నావు. మీ తాత బోటువాళ్ళకు చెప్పినట్టు చెప్పావు. భయమేస్తోందని ఒక్కసారైనా అన్నావా?"

భయంగానే ఉందన్నాను. ఆటో చప్పుడులో ఆమెకు వినిపించిందో లేదో. టికెట్లు తియ్యమంది.

విమానంలో వెళ్ళాం. కింద నీళ్ళు అయిపోయేదాకా అమ్మ కళ్ళు తెరవలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు మెట్లు నెమ్మదిగా ఎక్కుతుంది, కాని మధ్యలో ఆగదు. మాతాజీ మాట ఫలించిందని వండూర్‌లో చెప్పుకున్నారు. మొదటి మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకే నోరు దాటొద్దనీ అని, దాటమనీ అంటే, రెండిట్లో ఏదో ఒకటి నిజమయ్యి తీరుతుంది, ఇందులో మహిమ ఏముందని అడగవచ్చు. నన్ను నేనూ ప్రశ్నించుకున్నాను. కాని నేను బతిమాలినా అబద్ధం చెప్పనన్న మనిషిని మోసగత్తె అనడం నావల్ల కాలేదు.

అమ్మను చూడటానికి ఆమె ఒకరోజు షాదీపూర్ వచ్చింది. అమ్మ ఆమెను మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. డిగ్నాబాద్ ఇంట్లో అయితే అలా జరిగేది కాదు. కాసేపు ఆపరేషన్ కబుర్లు అయ్యాక ఆమె అసలు సంగతికి వచ్చింది. ఆ రోజు తాను హిందీలో పలికినట్టు ఎవరో చెప్పారట. అంతకుముందు బెంగాలీవాళ్ళతో తిరిగిన నాలుక అలాగే తిరిగిందేమో, తన మీదికి అసలు ఎవరూ రాలేదేమో, మొదటిసారి కూడా అంతేనేమో అని అప్పటినుంచీ నిద్రపట్టడం లేదట. ఆదివారాలు తలుపు వేసుకుంటోందట.

"మీరు ఆ ఇంటి మనిషి బాబూ," అంది. "మీరే సెప్పాల. రెండిట్లో ముసలమ్మగారు పలికింది ఏది?"

నన్ను ఆ ఇంటి మనిషి అని ఎవరైనా అని చాలాకాలమైంది. మొదటిది అంటే నాయనమ్మ కోడలి ప్రాణం తీయబోయినట్టు. రెండోది అంటే బతికినన్నాళ్ళూ అసహ్యించుకున్న భాష చచ్చాక మాట్లాడినట్టు. రెండూ కావంటే నా ఎదురుగా కూర్చున్న మనిషికి ఏమీ మిగలదు, మాకూ మిగలదు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

"నాకు తెలియదు," అన్నాను.

మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. నాయనమ్మ అనలేదు, తాత అనలేదు, ఒక్కొక్కటీ చేజారిపోతున్నప్పుడు కూడా నాన్న అనలేదు. ఆ జవాబు ఆమెకు చాలలేదని ముఖం చూస్తే తెలిసింది. అమ్మ ఇచ్చిన టీ తాగి, బస్సు వేళయిందంటూ లేచింది. స్టాపుదాకా ఆమెతో నడిచి వెళ్ళి, బస్సెక్కించి వచ్చాను.