ఎడమచేతి భూగోళాలు

బడి గేటుకు ఎదురుగా పుస్తకాల కొట్టు నడిపే ఆవిడను పిల్లల తల్లిదండ్రులు తమలో తాము గ్లోబులక్క అనుకుంటారు. "భూమిని కాపాడదాం", "ప్రపంచమంతా ఒకే కుటుంబం" అంటూ బడివాళ్లు పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చిన సాయంత్రమే తల్లిదండ్రులు వచ్చి ఆ కొట్టు మీద పడేవారు. పిల్లలకు విశ్వమానవ ప్రేమ నేర్పే బాధ్యత అలా ఆవిడ నెత్తిన పడింది. థర్మోకోల్ బంతి, నీలం రంగు, గమ్ము డబ్బా ఉంటే చాలు, ఒక్క పూటలో ప్రపంచాన్ని తయారుచేసి చేతిలో పెట్టేది. మిగిలిన థర్మోకోల్ పొట్టు కొట్టు ముందున్న కాలువలోకి ఊడ్చేసేది.

అసలు పనితనమంతా తప్పుల్లోనే ఉంది. పిల్లలే చేశారని టీచర్లు నమ్మాలి కదా! అందుకని అక్షరాలు ఎడమచేత్తో రాసేది, ఏదో ఒక ఖండాన్ని కావాలనే పక్కకు జరిపి అంటించేది. ఒక ఇంజనీరుగారైతే తన కొడుక్కి మరీ అంత తెలివి లేదనీ, ఇంకాస్త వంకరగా ఉండాలనీ బతిమాలి మరీ చేయించుకున్నాడు. మొదటి బహుమతి దానికే వచ్చింది.

చేసింది తనేనని మాత్రం బడివాళ్ల దగ్గర ఆవిడ పొరపాటున కూడా నోరు జారదు. ఆ సంగతి పొక్కితే బడి బేరం పోతుంది, బడి బేరం పోతే కొట్టు మూసుకోవాల్సిందే. అందుకే ప్రదర్శన జరిగే రోజున ఆ ఛాయలకు కూడా వెళ్లేది కాదు. గెలిచిన గ్లోబులన్నీ పెద్ద మేడమ్ గదిలో అద్దాల బీరువాలో మెరుస్తుంటాయని ఊహించుకుని, కొట్టులో కూర్చునే మురిసిపోయేది.

ఈ ఏడు, అదే బడిలో చదివే సొంత కూతురే ఎదురు తిరిగింది. తన ప్రాజెక్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోనని ముందే చెప్పేసింది. రోజూ బట్టల నిండా మట్టితో ఇంటికి వచ్చేది, ఎక్కడ పొర్లావే అంటే మూతి బిగించేది. ప్రదర్శనకు మాత్రం తప్పకుండా రావాలని పట్టుబట్టింది.

బిక్కుబిక్కుమంటూ వెళ్లిన గ్లోబులక్కకు కూతురి బల్ల మీద సొట్టలు పడి, ఎలకలు కొరికిన పాత గ్లోబుల కుప్ప కనిపించింది. బడి వెనక చెత్తలోంచి ఏరి తెచ్చినవవి. తను పెట్టిన వంకర తనకు తెలియదా? ఇన్నేళ్లూ అద్దాల బీరువాలో ఉన్నాయనుకుని మురిసినవన్నీ ఆ చెత్తకుప్పలోనే పడి ఉన్నాయన్నమాట. పక్కనున్న అట్ట మీద కూతురి కుదురైన అక్షరాలు ఇలా ఉన్నాయి: "చేసింది మా అమ్మ. గెలిచింది వేరేవాళ్లు. పారేసింది మన బడి."

పెద్ద మేడమ్ ముఖం మాడిపోయింది. ఇంజనీరుగారు తలెత్తి ఫ్యాను రెక్కలను పరీక్షించసాగాడు.

"ఇవి నిజంగా మీరు చేసినవేనా?" అని మేడమ్ అడిగింది.

కాదంటే కొట్టు నిలబడుతుంది, కానీ కూతురు అందరి ముందూ అబద్ధాలకోరు అయిపోతుంది. ఆ పిల్ల కళ్లార్పకుండా తల్లినే చూస్తోంది.

"నావేనండీ," అంది గ్లోబులక్క. "అదిగో, ఆ బాగా వంకరది ఈ సారు అడిగి చేయించుకున్నారు."

తర్వాత కూతురి పెన్ను అందుకుని, అట్ట మీద "మా అమ్మ" అన్నచోట పక్కనే తన పేరు రాసింది. కుడిచేత్తో.