కావ్యను నేను అడగని ప్రశ్న

ఈ రోజు సాయంత్రం పక్కింటి పిల్ల నిఖిత ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఏడో తరగతి. రేపు క్లాసులో నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడాలట. ముందు ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పి, వాళ్లతో ఒక ప్రశ్న అడిగించుకుని రమ్మని టీచర్ చెప్పిందట. వాళ్లమ్మ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. అందుకే నా దగ్గరికి.

"మన స్టాపుల బస్సులు ఆగుతలేవు. డ్రైవర్లకు ఫైన్ వెయ్యాలె" అని గడగడా చెప్పేసింది.

"జెర ఆగు బిడ్డా. ఎందుకు ఆపుతలేరో డ్రైవర్‌ను అడిగినవా?" అన్నాను.

పిల్ల కాగితం మళ్లీ చూసుకుంది.

"స్టాపు ముంగట అన్నీ ఆటోలే ఉంటయ్ ఆంటీ. బస్సు యాడ ఆపుతడు? అయ్యో, మొత్తం మార్చాలె! అంతా నీ వల్లనే!" అని నవ్వుకుంటూ ఉరికింది.

నాకు నవ్వు రాలేదు. పోయిన ఏడాది జ్వరంతో పోయిన నా బిడ్డ కావ్య కూడా ఇట్లాగే కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చేది.

"అమ్మా, ఒక్క ప్రశ్న అడుగవే."

"ఐదో తరగతి చదివినదాన్ని, నాకు ఇంగ్లిష్ ఏం ఎరుక? పోయి మీ సార్‌ను అడుగు పో."

ప్రశ్న అడగడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదట. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మీ పిల్లలు కాగితం పట్టుకుని వస్తే మీరేం అడుగుతారు? కింద రాయండి, చదువుకుంటాను. నా కావ్య ఆ కాగితంలో దేని గురించి రాసుకుందో కూడా నాకు తెలియదు.