సుగుణ మేడం చూడని సముద్రం

పటాన్‌చెరు బస్టాప్ దగ్గర బండి మీద మిర్చీలు నూనెలో పడిన ఘాటు ముక్కుకు తగిలిందంటే, ఎంత హడావిడిలో ఉన్నా నాకు నవ్వొస్తుంది. మా సుగుణ మేడం గుర్తొస్తారు. తొంభైల్లో నేను సంగారెడ్డిలో ఇంటర్ చదివేటప్పుడు ఆమె మాకు సివిక్స్ చెప్పేవారు. నన్ను డిబేటు పోటీకి తయారుచేస్తూ, కాలేజీ అయ్యాక మిర్చీబజ్జీలు తెప్పించి, తింటూ వాదించమనేవారు.

ఆ ఏడు పోటీకి ఇచ్చిన అంశం, శత్రుదేశం తీరం దగ్గర మన నౌకాదళం విన్యాసాలు చేయవచ్చా అని. నేను బల్ల గుద్ది, "చెయ్యాలె మేడం! భయపడితే ఎట్ల?" అన్నాను.

"చేద్దాం. అది సాధన అని అవతలి ఒడ్డు మీద నిలబడ్డోనికి ఎట్ల తెలుస్తది? బెదిరి ఒక్కడు తుపాకి పేలిస్తే ఆపేదెవరు?"

"అయితే వద్దంటరా?"

"వద్దంటే మనోళ్ళకు ఆ నీళ్ళు అలవాటు కావు. అవసరం పడ్డనాడు తడబడుతరు. అదిగూడ నష్టమే గదా. రెండూ తూకం వెయ్యి. ఎంత దూరంల చెయ్యాలె, ముందుగాల వాళ్ళకు చెప్పాలెనా, జెర ఆలోచించు."

"చెప్పితే మనం చులకన కామా?"

"చెప్పితే మన ఓడలేమన్న చిన్నగైతయా?"

ఉక్రోషం ఆపుకోలేక, "మీరు అసలు సముద్రం చూసిండ్రా మేడం?" అని అడిగేశాను.

"సింగూరు డ్యాం చూసిన. చాలదా?" అని ఆమె పడిపడి నవ్వారు.

పోటీ ఇంకా జరగకముందే మా అన్న పెళ్ళి వచ్చింది. మాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి పల్లె. పొలం గట్టు తగాదాతో మల్లయ్య పెద్దనాయిన ఇంటికీ మాకూ చాలాకాలంగా మాటల్లేవు. పెళ్ళికొడుకును ఊరేగించే బరాత్ ఆయన వాకిలి ముందు నుంచే పోవాలి. అక్కడే ఆగి డప్పు దంచుతామని అన్న దోస్తుల ఉబలాటం. ఆయన కొడుకులు కట్టెలు తీస్తారని అమ్మ భయం. వేరే గల్లీలోంచి పోతే ఊళ్ళో తలెత్తుకోలేనని నాయిన పంతం. నా బుర్రలో మేడం ప్రశ్నలు తిరిగాయి. "అదే బాటల పోదాం నాయినా, కాని ఆగొద్దు. ముందుగాల నేను పోయి చెప్పొస్త," అన్నాను.

పెళ్ళినాడు మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. పెద్దనాయిన మంచం మీంచి లేవలేదు. "ఏంది, బెదిరియ్యనీకి వచ్చినవా?"

"లేదు పెద్దనాయినా. సాయంత్రం బరాత్ ఇటుకెల్లి పోతది. లొల్లికి కాదు. మీ ఇంటి ముందట ఆగకుంటనే పోతం."

ఆయన దిగ్గున లేచారు. "ఆగకుంట పోతరా? పెండ్లికొడుకు నా వాకిట్ల ఆగకుంట పోతే ఊరు నవ్వదా?"

ఆ సాయంత్రం బరాత్ అక్కడ ఆగింది. పెద్దమ్మ అన్నకు హారతి ఇచ్చింది. గట్టు పంచాయితీ ఆ తర్వాత కూడా నడిచింది గానీ, కట్టెలు ఎప్పుడూ లేవలేదు.

ఇదంతా విని మేడం, "అన్నీ తూకమేసినవ్ గని, అవతలోళ్ళ మనసు నువ్వే ఊహించుకున్నవ్. పోయి మాట్లాడినవ్ కాబట్టి తెలిసింది," అన్నారు. పోటీలో నేను విన్యాసాలు చేయాలనే చెప్పాను. అయితే దూరం పాటించి, ముందే తెలియజేసి, అవతలివాళ్ళతో మాట్లాడే దారి తెరిచి ఉంచి చేయాలన్నాను. "ఇంతకీ నువ్వు అనుకూలమా, వ్యతిరేకమా?" అని విసుక్కున్న న్యాయనిర్ణేత మూడో బహుమతితో సరిపెట్టారు. మేడం మాత్రం మొదటిది వచ్చినట్టే చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నేను ఒక మందుల కంపెనీలో కార్మికుల వ్యవహారాలు చూస్తున్నాను. గేటు ముందు సమ్మె టెంటు లేచిన రోజు, పైవాళ్ళు గదిలో కూర్చుని వాళ్ళేమంటారో ఊహిస్తుంటే, నేను టెంటులోకే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని అడుగుతాను. ఒక్కోసారి అనుకున్నదానికంటే ఎక్కువ తిట్లే దొరుకుతాయి. అయినా మరునాడు మళ్ళీ వెళ్తాను.