ఎదురు బండి రాని దారి

పాకాలలో మునిరత్నం ఇల్లెక్కడని అడిగితే, "కొండ బస్సు మునిరత్నమేనా?" అని తిరిగి అడిగాకే ఎవరైనా దారి చూపిస్తారు. ఇరవై తొమ్మిదేళ్ళు తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు తోలిన మనిషి. అలిపిరి దగ్గర బండి కదిలించే ముందు స్టీరింగు తాకి కళ్ళకద్దుకుని, "తోలేది నువ్వే సామీ, నేను ఊరికే కూర్చోనుంటా" అనుకునేవాడు. మలుపుల్లో కడుపు తిప్పేవాళ్ళ కోసం జేబులో రోజూ రెండు నిమ్మకాయలు పెట్టుకునేవాడు. అడిగేవాళ్ళకన్నా, అడగడానికి మొహమాటపడేవాళ్ళకే ఎక్కువ ఇచ్చేవాడు. అద్దంలో మొహాలు చూసి కనిపెట్టేవాడు. రిటైరై ఐదేళ్ళయింది. బస్సు తోలిన అన్నేళ్ళలో ఒక్క ప్రాణికీ దెబ్బ తగలనీయలేదు.

అట్లాంటి మనిషికి ఈ ఎండాకాలం కొండ మాట వింటేనే అరిచేతులు తడిసిపోవడం మొదలైంది.

కూతురు కోమలి చిత్తూరులో టీచరు. ఆమె భర్త గిరి మునిరత్నానికి సొంత అక్క కొడుకే, మందుల షాపు పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళ ఐశ్వర్యను వెంటబెట్టుకుని ఇద్దరూ ఒక ఆదివారం వచ్చి, వరండాలో చాప మీద కూర్చుని ఫోనులో ఒక హోటలు చూపించారు. తమిళనాడులో వాల్పారై అనే ఊరట. చుట్టూ వాన అడవులు, టీ తోటలు. సెలవుల్లో అందరూ కలిసి మూడు రోజులు అక్కడ ఉండి రావాలని కోమలి ఆశ.

"సూడు నాయనా, మట్టి గోడలు. ఎండతోనే నీళ్ళు కాగుతాయంట. ఏసీ ఉండదంట."

"ఏసీ లేనిదానికి అంత దూరం పోవాల్నా? అది మనింట్లో గూడా లేదు గదా" అంది ఆనందమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

"ఆడ చలి మా. ఏసీ ఎందుకు? ప్లాస్టిక్కు కవర్లు తేకూడదంట. షాంపూ వద్దంట. స్నానం చేసిన నీళ్ళు అరిటి చెట్లకి పోతాయంట."

"అయితే సీకాయ దంచి తీసకపోదాం."

ఆనందమ్మే మళ్ళీ చిన్నగా అడిగింది. "తిన్న తట్టలు మనమే కడగాల్నా?"

ఐశ్వర్య పకపకా నవ్వింది. "హోటల్లో ఎవరైనా కడుగుతారా అవ్వా?"

ఆనందమ్మ గింజలు తీసే చెయ్యి ఆగింది. మునిరత్నం ఆ మొహం చూశాడు. పెళ్ళయి ముప్పై ఐదేళ్ళు. ఆమె ఊరు దాటితే చుట్టాల ఇళ్ళకే, అక్కడా పొయ్యి దగ్గరికే. మూడు రోజులు ఇంకొకరు వండింది తిని, ఇంకొకరు పరిచిన పడక మీద పడుకోవడమనేది ఆమె ఊహలోకి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడే వచ్చింది.

"పొల్లాచ్చి దాంకా నేను తోల్తా మామా" అన్నాడు గిరి. "ఆడినించి నలభై హెయిర్‌పిన్ మలుపులంట. అది నీ వంతు. నువ్వుండావనే ధైర్యంతోనే ఆ ఊరు పట్టినాము."

"నలభై ఏందిరా, కండ్లు మూసుకోని తోల్తా" అన్నాడు మునిరత్నం.

ఆ మాట అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నాడో ఆ ఏడుకొండలవాడికే తెలుసు.

చేయి అలవాటవుతుందని గిరి తన కారును వారం రోజులు మామ దగ్గరే వదిలి, పెళ్ళాం బిడ్డలతో బస్సెక్కి చిత్తూరు వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున హోటలు నుంచి ఫోను వచ్చింది. కోమలి తండ్రి నంబరు ఇచ్చిందట. అవతల ఒకామె, మర్యాదగా తమిళంలో మాట్లాడింది. పాకాలలో పెరిగినవాడికి తమిళం రాకపోదు.

"దారి ఇరుకు సార్. టీ ఆకు లారీలు, బస్సులు దిగుతూ ఉంటాయి. ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి గానీ అందరూ ఇవ్వరు. మలుపుకు ముందే ఆగి చూసుకోండి. తోలేవాళ్ళకు కొండ అలవాటేనా?"

"తిరుమల ఘాట్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు తోలినానమ్మా."

"అట్లాగా. మేమూ దర్శనానికి వచ్చాం సార్. అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కదా. ఎంత పుణ్యమో, ఎదురు బండే రాదు. ఇక్కడ అట్లా కాదు. కొంచెం చూసి రండి."

ఆమె మంచికే చెప్పింది. ఫోను పెట్టేసేదాకా మునిరత్నం నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత వరండా గచ్చు మీద కూర్చుండిపోయాడు.

ఆమె చెప్పింది నిజం. ఇన్నేళ్ళలో కొండ మీద తనకు ఎదురుగా ఒక్క బండి రాలేదు. కొత్తలో రెండేళ్ళు వేరే రూటు బస్సు తోలాడు, అది మైదానం. కొండెక్కాక దారంతా తనదే. పొడుగు బస్సు మలుపు తిరగాలంటే అవతలి అంచు దాకా కోసుకుని వెళ్ళి తిప్పాలి. రోజుకు మూడు నాలుగు సార్లు అట్లాగే తిప్పాడు. అది బుర్రకు తెలిసిన విద్య కాదు, చేతులకు పట్టిన విద్య. ఇప్పుడు ఆ చేతులతో నలభై మలుపులు, ఎదురుగా లారీలు, ముందు సీట్లో ఐశ్వర్య.

ఆ రోజు ఫోనులో ఆ కొండదారి వీడియోలు వెతికి చూశాడు. ఒక మలుపులో కారు తిరుగుతుండగా పైనుంచి బస్సు ముక్కు హఠాత్తుగా పొడుచుకొచ్చింది. ఆ కారువాడెవడో ఎడమ అంచుకు ఒదిగి నిలిచాడు. మునిరత్నం మళ్ళీ మళ్ళీ అదే చూశాడు. చూసిన ప్రతిసారీ, కుర్చీలో కూర్చున్న తన చేతులు కుడివైపుకే తిరిగాయి.

బుధవారం పొద్దున్నే కారు తీశాడు. మదనపల్లెలో పాత స్నేహితుణ్ణి చూసొస్తానని భార్యకు చెప్పాడు. ఆనందమ్మ పెరుగన్నం గిన్నెలో పెట్టి, మూత మీద మామిడికాయ ముక్క ఆకులో చుట్టి పెట్టి ఇచ్చింది. "ఆయనకు గూడా పెట్టు" అంది. లేని స్నేహితుడికి కూడా అన్నం పంపిన మనిషికి అబద్ధం చెప్పానే అని దారిపొడుగునా అనుకుంటూ పోయాడు.

వెళ్ళింది హార్స్‌లీ కొండకు. అక్కడ ఎక్కేదీ దిగేదీ ఒకటే దారి.

మొదటి రెండు మలుపులూ హారన్ కొట్టుకుంటూ, ఎడమ అంచు పట్టుకునే దాటాడు. మూడో దాంట్లో కూడా తప్పు జరగలేదు. పరవాలేదే అనుకున్నాడు. ఆ కొంచెం ధైర్యమే కొంప ముంచింది. నాలుగో మలుపు ఎడమకు తిరిగేది. మనసు ఒక్క క్షణం పక్కకు పోయింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కారు అవతలి అంచుకు కోసుకుని వెళ్ళింది. కళ్ళెదుట ఒక పికప్ బండి ముందుభాగం, దాని అద్దంలో నోరు తెరిచిన మనిషి మొహం.

బ్రేకుల అరుపు కొండంతా వినిపించింది. రెండు బండ్ల మధ్య బెత్తెడు జాగా మిగిలింది.

పికప్పు మనిషి తిట్టడానికే దిగాడు. కిటికీ దగ్గరికొచ్చి, స్టీరింగు వదలలేకపోతున్న తల నెరిసిన మనిషిని చూసి తిట్టు మింగేశాడు. ముందు ఒక రాయి తెచ్చి కారు వెనక చక్రానికి అడ్డం పెట్టాడు. తర్వాత తలుపు తీశాడు.

"దిగు సామీ. రొంతసేపు కూర్చో. నీళ్ళు తాగు."

అతని పేరు యోగానంద. కొండమీది గెస్టుహౌసులకు నీళ్ళ క్యాన్లు వేసి ఖాళీవి తెస్తున్నాడు. మునిరత్నం నీళ్ళు తాగుతుంటే సీసా కింద తానూ చెయ్యి పెట్టి పట్టుకున్నాడు.

"ఏం సామీ, దారంతా నీదే అయినట్ల వస్తా ఉండావు?"

"తప్పయిపోయింది నాయనా."

"కొత్తగా నేర్చుకుంటా ఉండావా? ఈ వయసులో కొండెందుకు సామీ, చెరువు కట్ట మింద నేర్చుకోరాదా?"

ఇరవై తొమ్మిదేళ్ళ మాట నాలిక చివర దాకా వచ్చింది. మునిరత్నం దాన్ని బయటికి రానివ్వలేదు.

"అవును. కొత్తే" అన్నాడు.

అన్నాక తెలిసింది, అది అబద్ధం కాదని.

యోగానంద కారును తానే వెడల్పు చోట తిప్పి పెట్టాడు. "నా ఎనకాలే రా. ప్రతి మలుపులో నేను హారన్ కొడతా. ఎడమ పక్క వదలొద్దు" అన్నాడు. మనిషి నడిచినంత మెల్లగా దిగాడు. కొండ కింద మునిరత్నం పెరుగన్నం గిన్నె అతని చేతిలో పెడితే, వద్దనకుండా తీసుకుని సగం తిని సగం తిరిగి ఇచ్చాడు. "ఇంటికి పోయినంక ఒక ఫోన్ కొట్టు సామీ. చేరినావో లేదో నాకు తెలియాల గదా" అని తన నంబరు ఇచ్చాడు. పాకాల చేరగానే మునిరత్నం ఫోను చేశాడు.

ఆ తర్వాత మూడు రోజులు అతనికి అన్నం సయించలేదు. బెత్తెడు జాగా కళ్ళ ముందు నుంచి కదల్లేదు. హార్స్‌లీలో తానొక్కడే ఉన్నాడు. వాల్పారైలో ఐదుగురు. దేవుడి పటం ముందు నిలబడితే "తోలేది నువ్వే" అనే మాట రావడం లేదు. ఇన్నేళ్ళూ ఆయన తోలాడో లేదో గానీ, ఎక్కే దారినీ దిగే దారినీ వేరు చేసి కాచిందైతే నిజం. ఇప్పుడు ఆ కాపు లేని చోటికి బిడ్డను కూర్చోబెట్టుకుని వెళ్ళి, ఏదన్నా జరిగితే ఆయన మీదికి నెట్టడమా? భయం వేసింది. అట్లా అనుకున్నందుకు ఇంకా భయం వేసింది.

చెప్పేద్దామంటే, ఆనందమ్మ పాత చీర కోసి గుడ్డ సంచులు కుడుతోంది. "ఇది నీ గుడ్డలకి. ఇది సీకాయకి" అని చూపిస్తోంది. పాలు పోసే ఎస్తేరుకు అప్పటికే చెప్పేసింది. "ఆ మూడు దినాలూ మీ తులిసి చెట్టుకి నేను నీళ్ళు పోస్తాలే ఆనందక్కా, నిమ్మళంగా పోయి రా" అంది ఎస్తేరు. వీధి వీధంతా తనను కొండకు సాగనంపుతున్నట్టుగా అనిపించింది మునిరత్నానికి.

ఆదివారం కోమలి వాళ్ళు మళ్ళీ వచ్చారు. మధ్యాహ్నం లోపల హోటలువాళ్ళకు ఖాయం చేసి చెప్పాలి. గిరి ఫోనులో వివరాలు నింపుతూ పైకి చదువుతున్నాడు.

"మనుషులు ఐదు. మాంసం వద్దు. డ్రైవరు పేరు... మునిరత్నం. కొండ అనుభవం, ఇరవై తొమ్మిదేళ్ళు."

"అది కొట్టెయ్ గిరీ" అన్నాడు మునిరత్నం.

"ఏంది, ముప్పయ్యా?"

"నేను తోల్లేను."

గిరి నవ్వాడు. "ఊరికే అంటాండావు మామా."

"లేదురా. మన కొండ మింద నాకు ఎదురు బండి ఎప్పుడు వచ్చింది? ఒక్కటి చెప్పు. బుధవారం హార్స్‌లీకి పోయినా. నాలుగో మలుపులో ఒకాయప్ప బండికి అడ్డం పోయినా. బెత్తెడు. ఆయప్ప బ్రేకు తొక్కబట్టి ఈడ కూర్చోనుండా. చేతులు నా మాట ఇనడం లేదు."

అరిచేతులు తిప్పి చూపించాడు. అప్పుడు కూడా తడిగానే ఉన్నాయి. గిరి నవ్వు ఆగిపోయింది. కోమలి పక్కనున్న ఐశ్వర్యను దగ్గరికి లాక్కుంది. ఆ లాక్కోవడం చూసి మునిరత్నం తల దించుకున్నాడు. అదే నిజమైన తీర్పులా తోచింది అతనికి.

ముందు మాట్లాడింది ఆనందమ్మ. "మూడు దినాలుగా తినిందేదీ ఒంటబట్టల్యా నీకు. చక్కెర జబ్బేమోనని నేను కాఫీలో చక్కెర తగ్గిస్తా వచ్చినా. అడిగితే భయపడతావని అడగల్యా." కుడుతున్న సంచి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే పోయేది లేదా?"

ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు. లేకపోవడమే అతన్ని కోసింది.

"పోదాం. నేను తోలను, అంతే."

"నేను తోల్తాలే" అన్నాడు గిరి, గొంతులో పట్టు లేకుండా.

"నువ్వు అసలొద్దు. నాకన్నా ఘోరం" అన్నాడు మునిరత్నం.

ఆ మాటకు కోమలికి నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. హోటలుకు ఫోను చేసింది. కారు కొండ కింద వదిలేయండి, పైకి మా జీపు పంపిస్తాం అని చెప్పి, తోలేవాడి నంబరు కూడా ఇచ్చారు. అతని పేరు పళని అట, పదకొండేళ్ళుగా అదే దారిలో తోలుతున్నాడట.

మునిరత్నం భయం పోలేదు. తన చేతుల్లో ఉన్న భయం కాస్తా ముక్కూ మొహం తెలియనివాడి చేతుల్లోకి మారింది. నంబరు తీసుకుని తానే ఫోను చేశాడు.

"నేను తిరుపతి కొండ బస్సు డ్రైవర్నప్పా. ఏమనుకోవద్దు. ఎదురు బండి వస్తే నువ్వు యాడ ఆపుతావో నాకు చెప్పాల."

అవతలివాడు విసుక్కోలేదు. "ఒకటో మలుపు నుంచి చెప్పనా అయ్యా?" అన్నాడు.

"చెప్పు."

పళని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకటో మలుపులో నీళ్ళ పైపు పక్కన జాగా ఉంది. రెండో మలుపులో లేదు, కిందే ఆగాలి. మునిరత్నం కళ్ళు మూసుకుని వింటున్నాడు, పెదాలతో లెక్క పెట్టుకుంటున్నాడు. ఆనందమ్మ లేచి, మాట సరిగ్గా వినబడాలని వరండాలో ఫ్యాను ఆపింది. ఉక్కపోస్తున్నా ఎవరూ కదల్లేదు. తొమ్మిదో మలుపులో ఆగే చోటు ఊహకు అందక మునిరత్నం కళ్ళు తెరిచాడు.

"ఆగప్పా. తొమ్మిదోది ఇంకోసారి చెప్పు."