మా ఓపెనర్‌కు వేలంపాట

మా ఏ బ్లాకు క్రికెట్ జట్టు ఎందుకు ఓడిపోతోందో అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఆ కారణం నాతోనే కాపురం చేస్తోంది కాబట్టి నా ముందు ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఆఫీసులు లేవు, బస్సులు లేవు, నేను ఎకనామిక్స్ చెప్పే దిల్‌సుఖ్‌నగర్ కాలేజీకి తాళం. మామూలు రోజుల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటే విజయవాడ హైవే మీద, బంద్ అంటే చాలు, మా ఆడవాళ్లం చాప పరుచుకుని ఉల్లిగడ్డలు కోసేవాళ్లం. వంటా వార్పూ అన్నమాట. నిరసనగా రోడ్డు మీదే పొయ్యి పెట్టాలి, వండాలి, అక్కడే తినాలి. వంట ఎలాగూ మా వంతే. నినాదాలిచ్చి గొంతులెండిన మగవాళ్లు కూర ఉడికేదాకా ఊరుకోలేక క్రికెట్ మొదలుపెట్టారు. ఏ బ్లాకుకూ బి బ్లాకుకూ మ్యాచ్. ఆరేసి ఓవర్లు, టెన్నిస్ బంతి, వికెట్ల బదులు ఒక ఖాళీ నీళ్ల క్యాను.

మా ఆయన మా బ్లాకు ఓపెనర్. సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. ఆయన బ్యాటింగ్‌లో ఉన్న లోపం ఒక్కటే: ఔటయ్యేవాడు కాదు. వచ్చిన ప్రతి బంతినీ, ఎక్కడినుంచో వచ్చిన ఫైలును చూసినట్టు ఇటు తిప్పి అటు తిప్పి చూసి, బ్యాటు అడ్డం పెట్టి, కాళ్ల దగ్గర పడుకోబెట్టేవాడు. ఓవర్ ఆఖరి బంతికి మాత్రం తప్పకుండా ఒక పరుగు తీసేవాడు. ఎందుకంటే తర్వాతి ఓవర్ కూడా తానే ఆడాలి కదా! అవతలి వైపు నిలబడ్డవాడు పాపం ఆరు ఓవర్లూ బ్యాటు చంకలో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడేవాడు. అయిపోయాక మా ఆయన హెల్మెట్ లేకపోయినా హెల్మెట్ తీసినంత గంభీరంగా వచ్చి, "చూసినవా, నాటౌట్" అనేవాడు.

జట్టును ఎట్లా బాగుచేయాలన్నది అభిమానులం మేం ఉల్లిగడ్డల దగ్గర తేల్చేవాళ్లం. క్రికెట్ మగవాళ్లు ఆడతారు గానీ, దాన్ని అర్థం చేసుకునే తీరిక ఆడవాళ్లకే ఉంటుంది.

"ఓపెనింగ్ మార్చాలె, ఇంకేం లేదు" అంది మా బ్లాకులో ఒకామె, నా మొహం చూడకుండా.

"మార్చి?" అన్నాను.

"అన్నను అంపైర్ చేద్దాం వదినా. ఇజ్జత్‌గ ఉంటది."

"అంపైరా? నాలుగో ఓవర్‌ల ఔటయినోనికి ఆరో ఓవర్‌ల ఏలు లేపుతడు ఆయన. జర సోచాయించు."

"పోనీ రనౌట్ చేపిద్దాం."

"ఉరికినోడు గదనే రనౌటయ్యేది!"

ఇంకొకామెకు రోగం ఓపెనర్‌లో కాదు, అవతలి జట్టులో కనిపించింది. బి బ్లాకులో ఒక బస్ కండక్టర్ ఉండేవాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడి వేలాడి చేతికి ఏ బలం వచ్చిందో, బంతి వేస్తే మాకు కనిపించేది కాదు, చప్పుడు మాత్రం వినిపించేది. "ఆయన విజయవాడాయన. లోకలోళ్లే ఆడాలె అని రూలు పెడదాం" అంది ఈమె.

ఆ మాటకు మా పక్కనుంచి నవ్వు వినిపించింది. బి బ్లాకులో మా బాల్కనీకి సరిగ్గా ఎదురు బాల్కనీ ఆవిడది. గుంటూరు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద, అందుకని అక్కయ్య అనేదాన్ని. ఉద్యమానికి రాదు, మ్యాచ్‌కి మాత్రం మడత కుర్చీ తెచ్చుకుని మరీ వచ్చేది. వాదనలో ఓడిపోవడమన్నది ఆవిడ ఎరగదు. నేనూ ఎరగను. అందుకే మా స్నేహం అంతకాలం నిలిచింది.

"లోకల్ అంటే ఏంటమ్మా? నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ అపార్ట్‌మెంట్‌లోనే చదవాలా?" అంది అక్కయ్య. "అట్లయితే మీ నల్లగొండ వాళ్లంతా కూడా బయటే. లిఫ్టు ఒక్కటే లోకల్, దాన్ని ఆడించుకోండి. మీ రాష్ట్రం మీరు తీసుకోండి, నేను అడ్డం రాను. మా కండక్టర్ని మాత్రం ఇవ్వం."

ఆ లిఫ్టు కూడా నాలుగు రోజులుగా ఆడటం లేదు.

ఓడిపోవడం నాకు నిజంగా కష్టంగానే ఉండేది. అయితే ఆయనతో "నువ్వు ఆడకు" అని చెప్పడం అంతకంటే కష్టం. ఇరవై ఏళ్లుగా తొమ్మిదిన్నరకు ఆఫీసుకు పోయిన మనిషి. సమ్మెలో కూడా పొద్దున్నే ప్యాంటు ఇస్త్రీ చేసుకుని, వేసుకుని, హాల్లో కూర్చునేవాడు. రోజంతా ఒక్కటే అడిగేవాడు: "ఏమే, రేపు మ్యాచ్ ఉన్నట్టేనా?" ఆయన మనసు కష్టపెట్టకుండా ఆయన్ని జట్టులోంచి తప్పించాలి. నా ముందున్న పని అది.

దారి టీవీలోనే దొరికింది. పెద్ద జట్లు ఆటగాళ్లను వేలంలో కొంటాయి కదా. పైగా వినాయక చవితి వెళ్లి ఎన్నో రోజులు కాలేదు, బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంపాట ముచ్చట ఇంకా అందరి నోళ్లలోనూ నానుతోంది. మనమూ పాట పెడదామన్నాను. రెండు బ్లాకుల మగవాళ్లనూ ఒక్క కుప్పలో వేసి, ఆడవాళ్లం పాడుకుందాం. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల బ్లాకుకు ఆడాలి. మా ఆయన్ని అక్కయ్య వాళ్ల వైపు నెట్టేస్తే నేను తీసేసినట్టూ ఉండదు, బి బ్లాకు ఆరు ఓవర్లూ ఆయన కాళ్ల దగ్గర పడుకుంటాయి. నేను చదివిన ఎకనామిక్స్ మొత్తంలో నాకు పనికొచ్చిన ఆలోచన అదొక్కటే.

జీతాలు లేని రోజులు కాబట్టి పాట వంటల మీద. ఆటగాడిని కొన్నామె, పాడిన వంట మ్యాచ్ రోజున రోడ్డు మీద వండి అందరికీ పెట్టాలి. చిన్నాచితకా ఆటగాళ్లకు పచ్చడో, మజ్జిగో చాలు. పెద్ద పాటలకు మాత్రం పొయ్యి కావాలి, పొయ్యిలు బ్లాకుకు మూడే. పాట నడిపింది కింది ఇంటి సిస్టరమ్మ. దవాఖానలో ముప్పై ఏళ్లు నర్సు చేసి రిటైరైంది, చర్చిలో పాడే గొంతు. ఆమె లేచి నిలబడితే రెండు బ్లాకులూ నోరు మూసేవి.

సెల్లార్‌లో స్కూటర్లు జరిపి కూర్చున్నాం. మగవాళ్లు గోడ పక్కన, పెళ్లిచూపుల్లో కూర్చున్న పెళ్లికూతుళ్లలాగ వరసగా. ఫ్లాట్ నంబర్ల ప్రకారం ఒక్కొక్కరినీ పిలిచింది సిస్టరమ్మ. రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు టమాటా పచ్చడికి మాకొచ్చాడు. ఎడమచేతి బ్యాట్స్‌మన్ ఒకాయన అప్పడాలకు అటు పోయాడు. తర్వాత మా నంబర్.

మా ఆయన లేచి నిలబడ్డాడు. తల దువ్వుకుని వచ్చాడు, ఇస్త్రీ ప్యాంటు, జేబులో పెన్ను.

ఒక్కరూ నోరు మెదపలేదు. నేను అక్కయ్యను చూస్తున్నాను, అక్కయ్య తన గాజులు చూసుకుంటోంది. ఆయన ఆట సంగతి ఆవిడకూ తెలుసు కదా.

"అనుండ్రి ఎవరన్న" అంది సిస్టరమ్మ. "మంచిగున్నడు మనిషి. బీపీ లేదు, షుగర్ లేదు."

ఒకడు దగ్గాడు. మా ఆయన నవ్వు మొహం మీదే ఉంది గానీ, దాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. అది నేను అనుకోలేదు. పాట అంటే కొనేవాళ్లు ఉంటారనే అనుకున్నాను.

అప్పుడు అక్కయ్య తల ఎత్తకుండానే అంది: "పోనీలెండి, ఉప్మా."

"జీడిపప్పేస్తరా?" అన్నాడు మా ఆయన, ఆశగా.

"చూద్దాంలెండి."

నేను అనుకున్నదే జరుగుతోంది. నోరు మూసుకుని కూర్చుంటే అయిపోయేది. కానీ ఉప్మా ఏమిటి? టిఫినుకు ఏమీ తోచనప్పుడు చేసేది! ఎం.ఏ. చదివినదాని మొగుడికి, అందులో జీడిపప్పు గ్యారంటీ లేని ఉప్మానా?

"బగారన్నం!" అని నేనే అరిచాను.

మా బ్లాకు ఆడవాళ్లు ఒక్కసారి నా వైపు తిరిగారు. వాళ్ల చూపులు నాకిప్పటికీ గుర్తే.

అక్కయ్య గాజులు వదిలేసింది. "ఓహో. అయితే గోంగూర మాంసం."

"మీ గోంగూర మా పుంటికూరనే గద, మాకే జూపిస్తవా అక్కా? బగారన్నం మీదికి తలకాయ కూర!"

"వదినా, నీకేమన్న దిమాగ్ ఖరాబైందా?" అని వెనకనుంచి ఒకామె నా కొంగు లాగింది. "ఆయన పోతేనే గద మనం గెలిచేది!"

"ఊకో నువ్వు."

"గోంగూర మాంసం, దాని మీద పెరుగావడలు" అంది అక్కయ్య, కుర్చీలోంచి లేచి.

"బోటి!" నేనూ లేచాను. "బగారన్నం, తలకాయ, బోటి. పాడు ఇంక, నీ తాన ఏమున్నదో చూస్త."

అక్కయ్య వెనక ఆమె బ్లాకు ఆడవాళ్లు కూడా కొంగులు లాగుతున్నారు. ఆవిడ ఇంకో మాట అనబోయి, ఆగి, కూర్చుంది. సిస్టరమ్మ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గోడ మీద చెప్పుతో కొట్టింది. మా ఆయన నావైపు చూసి, ఆఫీసులో పైఆఫీసరుకు పెట్టినట్టు నమస్కారం పెట్టాడు.

తర్వాత కండక్టర్ పేరు వచ్చింది. నేను నోరు తెరిచేలోపే సిస్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మీ పొయ్యిలు మూడూ నిండినయమ్మా." కండక్టర్ ఉప్మాకు బి బ్లాకుకే పోయాడు. జీడిపప్పు వేసి తీరతామన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో నేను వెల్లుల్లి వలుస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమే, నాకింత డిమాండ్ ఉన్నదని నాకు తెల్వదు."

"నాకు గూడ తెల్వదు."

"ఇంత పెట్టి కొన్నంక గోక్కుంట కూసుంటే బాగుండదు. రేపు కొడుత."

"ఏం గొడ్తవు?"

"బంతినే!" అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

మర్నాడు హైవే మీద బి బ్లాకు మొదట ఆడి, మాకు ఎన్నడూ చేతకానంత స్కోరు కొట్టింది. నేను మూడు పొయ్యిల మధ్య పొగలో ఉన్నాను. మేక పేగులు కదా, బోటి కడగడమే ఒక ఉద్యమం, దాని సంగతి తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మా ఆయన బ్యాటు తీసుకుని వెళ్తూ మా వైపు చెయ్యి ఊపాడు. మా బ్లాకు అభిమానులు తలలు పట్టుకున్నారు.

కండక్టర్ పరుగెత్తుకొచ్చి మొదటి బంతి వేశాడు. మా ఆయన కళ్లు మూసుకుని, బ్యాటు భూమినుంచి ఆకాశం దాకా తిప్పాడు. ఆ తిప్పుడుకు తానే ఒక చుట్టు తిరిగి, మళ్లీ ముందుకు వచ్చేసరికి నీళ్ల క్యాను దొర్లుకుంటూ డివైడర్ దాకా పోయింది.

ఆయన నెమ్మదిగా వచ్చి నా పొయ్యి పక్కన కూర్చున్నాడు. గరిటె తీసుకుని తలకాయ కూర కలిపాడు.

"తగల్లే" అన్నాడు.

"చూసిన."

"తగిలితే మాత్రం అబ్దుల్లాపూర్‌మెట్‌ల పడుతుండె."

ఆ తర్వాత ఏం జరిగిందంటే, మిగిలిన మగవాళ్లకు జీవితంలో మొదటిసారి బ్యాటింగ్ దొరికింది. ఎన్నాళ్లనుంచో అవతలి కొసన నిలబడి నిలబడి ఉన్నారేమో, కరువులో ఉన్నవాళ్లు అన్నం మీద పడ్డట్టు బంతి మీద పడ్డారు. టమాటా పచ్చడికి వచ్చిన డ్రాయింగ్ మాస్టారు కండక్టర్ బంతిని మన్సూరాబాద్ వైపు కొట్టాడు, వెతకడానికే పది నిమిషాలు పట్టింది. ఇంకో బంతి మిగిలి ఉండగానే గెలిచాం.

"నేను ముందు అటాక్ చేసేసరికి వాళ్లు బెదిరిన్రు" అని మా ఆయన అందరికీ బోటి వడ్డిస్తూ చెప్పాడు. కాదని ఒక్కరూ అనలేదు. నోట్లో బోటి ఉంది మరి.

అక్కయ్య విస్తరి తీసుకుని నా పక్కకు జరిగింది. "పాట ఆపేస్తావనుకున్నానమ్మా. ఉప్మాకి ఇచ్చేస్తావనుకున్నా" అంది మెల్లగా.

"మీకెందుకు గావాలె ఆయన? ఆడరాదని మీకు తెల్వదా?"

"తెలీకేం? రోజూ పొద్దున్నే నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని బాల్కనీలో గొడుగు పట్టుకుని బ్యాటింగ్ ప్రాక్టీసు చేస్తుంటారు. ఎదురుగా కనిపిస్తుంటే ఎంతకని చూడను? నిలబెట్టి ఎవరూ పాడకపోతే ఎలా?"

ఆ గొడుగు సంగతి నాకు తెలియదు. అది ఆవిడ కనిపెడుతుందేమోనని వెంటనే గొంతు పెంచాను.

"అయితె మా ఆయన మీద జాలి పడ్డరా మీరు? జాలి పడేదైతె పులిహోరతోని పడొచ్చు గద! ఉప్మాతోని పడ్తరా ఎవరన్న?"

"మొదటి పాటలోనే బిర్యానీ అంటామా ఏంటి? బేరం అన్నాక..."

"గుంటూర్ల ఉప్మాతోనే మొదలువెడ్తరేమో బేరం. మా దిక్కు గట్ల ఉండదు."

"మీ దిక్కున ఎవరూ పాడనేలేదుగా!"

మేమిద్దరం లేచి నిలబడేసరికి చుట్టూ మూగారు. వచ్చే బంద్‌కు జట్టు మాట కూడా ఇప్పుడే తేల్చేద్దామన్నారు మా బ్లాకువాళ్లు. సరేనని చేతిలోని గరిటె ఎత్తి చెప్పాను: "సమ్మె నడిచినన్ని రోజులు మా బ్లాకు ఓపెనర్ ఈయననే. పాట లేదు, గీట లేదు. ఎవరికన్న కష్టమనిపిస్తే నాతోని మాట్లాడుండ్రి."

ఎవరికీ కష్టమనిపించలేదు. ఆయనకు తప్ప.

"అది గాదే" అన్నాడు మా ఆయన, బోటి గిన్నె కింద పెట్టి. "ఇయ్యాల చూసిన గద, మొదటి బంతికి నా షాట్లు కుదుర్తలేవు. వచ్చే మ్యాచ్‌ల జర ఆగి, కింద వస్త. ఓపిగ్గ, వికెట్ కాపాడుకుంట ఆడుత."

అంతవరకూ ఒక్క విషయంలోనూ కలవని ఏ బ్లాకూ బి బ్లాకూ, నల్లగొండా గుంటూరూ, సిస్టరమ్మతో సహా, హైవే దద్దరిల్లేటట్టు ఒక్క గొంతుతో అరిచాయి:

"వద్దు! ఓపెనింగే!"