బతికున్న బోరుకు పరామర్శలు

బతికున్న మనిషిని పోయినాడని చాటించిన మహానుభావుల గురించి మీరు వినే ఉంటారు. నేను బతికున్న బోరును చంపినాను. ఒంటిచేత్తో, చిన్న స్క్రూడ్రైవరుతో, ఫిజిక్సు సాక్షిగా. ఈ పాపంలో ఎవరికీ వాటా లేదు, అడిగినా ఇవ్వను.

అప్పుడు నేను బీయెస్సీ రెండో సంవత్సరం. వేసవి సెలవులకు మార్కాపురం అవతల పల్లెలో ఉండే మా యాకోబు మామ ఇంటికి పోయినాను. ఏండ్ల తరబడి కూలికిపోయిన మామకూ, రూతమ్మ అత్తకూ మిగిలిందల్లా నలభై బత్తాయి చెట్లు, వాటికి ఒక్క బోరు. చెట్లు మొదటిసారి నిండుగా కాపు పట్టింది ఆ ఏడే. అత్త తెల్లారగానే పోయి, పిల్లలకు దుప్పటి కప్పి ఉందో లేదో చూసుకున్నట్టు పిందెల్ని చూసుకొని వచ్చేది.

నేను పోయిన మర్నాడే మోటారు స్టార్టరు కాలిపోయింది. మామ కొత్తది తెచ్చినాడు గాని, బిగించే కాసింభాయ్ పొదిలిలో పెళ్లికి పోయినాడు.

"కాసింభాయ్ ఎందుకు మామా, నేను లేనా?"

"నీకొస్తదా అల్లుడా?"

"సర్క్యూటంటే ఏంది మామా? కరెంటు ఒక దోవన వస్తది, పని చేస్తది, ఇంకో దోవన పోతది. దోవ మధ్యలో తెగకూడదు. అంతే!"

"అంతేనా?" అనింది అత్త. "దానికి మూడేండ్లు చదవాల్నా?"

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త బీయెస్సీవాడు ఫేజెరగడు. మెయిన్ దించి, డబ్బా తెరిచినాను. బోరులోంచి వచ్చిన వైర్లు మూడు. ఎరుపు, పసుపు, నీలం అని చెప్పుకోవడమే గాని, ఎండకు వెలిసి మూడూ బూడిద రంగుకు తిరిగినాయి. పంక్తిలో ఎవరెక్కడ కూర్చున్నా అన్నం ఒకటే గదా అనుకొని, చేతికొచ్చిన వైరును చేతికొచ్చిన స్క్రూకు బిగించినాను.

మీట నొక్కితే మోటారు గుయ్యిమనింది. పైపు రెండుసార్లు దగ్గి, వక్కాకు నమిలిన ముసలాయనలాగా ఇంత ఉమ్మి, ఊరకుండిపోయింది.

"ఏంది అల్లుడా, నిన్న రెండించులు పోసింది గదా?"

నేను టెస్టరు పెట్టి చూసినాను. మూడు ఫేజుల్లోనూ వెలిగింది. ఇక్కడే, చదువరులారా, నా తర్కాన్ని గమనించండి. కరెంటు ఉంది. సర్క్యూట్ తెగలేదు. మోటారు తిరుగుతాంది. కాబట్టి తప్పు నాది కాదు, కరెంటుది కాదు. మిగిలిందెవరు? భూమాత.

"బోరు ఎండిపోయింది మామా" అన్నాను, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులాగా.

మా పడమటి పల్లెల్లో ఆ మాటకు రుజువు అడగరు. మామ అట్లనే గట్టు మీద కూలబడిపోయినాడు. గంటలో పరామర్శలు మొదలైనాయి. వచ్చినవాళ్లంతా మామ పక్కన గొంతుక్కూచుని ఎవరి బోర్లను వాళ్లు తలుచుకున్నారు.

"మా ఇంట్లో మూడు పోయినయి యాకోబూ."

"మాది నిరుడు పోయె. మంచి బోరు. పాపం, చెప్పాపెట్టకుండ పాయె."

పాస్టరయ్యగారు వచ్చి పైపు మీద చెయ్యి పెట్టి, బండలోంచి నీళ్లు తెప్పించిన దేవుడికి మా బోరు సంగతి మనవి చేసినారు. దేవుడు వినే ఉంటాడు. వైర్లు ఎవరు బిగించిందీ ఆయనకు తెలుసు గదా, నా సిగ్గు కాపాడదామని ఊరకున్నాడేమో.

అందరూ పోయినాక మామ అన్నాడు, "ఇంక పిందెలు దులిపేద్దాం. బరువు తగ్గితే చెట్లన్నా బతుకుతాయి."

అత్త కొంగు నడుముకు దోపుకొని, మర్నాడు పొద్దున ఒక్కొక్క పిందెనే తుంచి ఒడిలో వేసుకోవడం మొదలుపెట్టింది. రాలగొట్టొచ్చు, కర్రతో కొడితే పని తొందరగా అయిపోతది. కొట్టలేదు. నేనూ సాయం చేసినాను. చేస్తా చేస్తా, భూగర్భజలాలు ఎందుకు తగ్గుతాయో చెప్పినాను కూడా. అత్త "ఊ" కొట్టింది. ఆ "ఊ" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

రెండు సాళ్లు అయిపోయినాయి. మూడో సాలు మొదటి చెట్టు దగ్గర ఉండగా, మోటారు పైకి తీద్దామని మామ పిలిపించిన కాసింభాయ్ బండేసుకొని వచ్చినాడు. మీట నొక్కి, పైపుకు చెవి ఆనించి, ఆపేసినాడు.

"స్టార్టరు ఎవరు బిగించింది?"

"మా అల్లుడు. బీయెస్సీ" అన్నాడు మామ, అంత దుఃఖంలోనూ గర్వంగా.

కాసింభాయ్ నా వైపు చూడలేదు. పెద్దమనిషి. మెయిన్ దించి, రెండు వైర్లు ఊడదీసి, ఇది అక్కడ, అది ఇక్కడ బిగించినాడు. మీట నొక్కినాడు.

పైపు ఒక్కసారి అదిరి, రెండించుల నీళ్లు కాలువలో దబదబా పడినాయి.

"త్రీఫేజు కదా బేటా" అన్నాడు నెమ్మదిగా. "మూడు వైర్లూ ఒకేసారి తొయ్యవు. ఒకదాని తర్వాత ఒకటి తోస్తాయి, గానుగ చుట్టూ ముగ్గురు నిలబడి వరసగా తోసినట్టు. అందులో ఇద్దరు చోట్లు మార్చుకుంటే వరస తిరగబడతది, మోటారు వెనక్కి తిరుగుతది. తిరుగుతది గాని, నీళ్లను అంత పైకి ఎత్తలేదు."

"ఏ రెండు మార్చినా సరిపోతదా?"

"ఏ రెండైనా. నీళ్లు రాకుంటే మా పిల్లోళ్లు కూడా ముందు అదే చేసి చూస్తారు."

మామ కాలువలో కూర్చొని మొహం కడుక్కోవడం మొదలుపెట్టినాడు. అంతసేపు మొహం కడిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అత్త మాత్రం ఒడినిండా పిందెలతో అట్లనే నిలబడింది. నేను దగ్గరకు పోయి, "అత్తా..." అన్నాను.

అత్త ఒడిలోకి చూసింది. నా వైపు చూసింది.

"పోనీలే నాయనా" అనింది. "పక్వానికి రాకముందే చెట్టు దిగినవి ఇవొక్కటే కాదులే."

అందుకే ఆ కాలువలో దిగి నిలబడి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇకమీదట మా ఇంట్లో బల్బు మాడినా మెకానిక్కును పిలిపిస్తాను, నిచ్చెన పట్టుకుంటాను, నోరు మూసుకుంటాను. ఎక్కడైనా నీళ్లు రాకపోతే ముందు నన్ను అనుమానిస్తాను, తర్వాత వైర్లను అనుమానిస్తాను. భూమిని మాత్రం, కాసింభాయ్ వచ్చి చూసి పోయేదాకా, ఒక్క మాట అనను.